ముట్టే ముందు చేతులు కడగండి
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడల్లో మేము మాట్లాడిన మాటల పాఠం)



1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిండు. తర్వాత సవర్ణులు పేడ, ఆవుమూత్రం పోసి ఆ చెరువును 'శుద్ధి' చేసిన్రు. మనల్ని ముట్టినంక కడుక్కున్నోళ్ల దేశం ఇది. మేము ఇవాళ అడిగేది వేరే కడుగుడు: ముట్టే ముందు కడగండి!

ఎందుకంటరా? బీడీలు చుట్టే అక్కలు, గల్ఫ్ నుంచి వాపసొచ్చిన అన్నలు, సాంచాల మీద పనిచేసేటోళ్లు కిడ్నీలు చెడి డయాలసిస్‌కు పోతున్నరు. ఆరోగ్యశ్రీ కింద అది ఉచితమే. కాని చాలామందికి మెడ దగ్గర పెట్టిన పైపు నెలల తరబడి ఉంటున్నది. దాని కొస గుండె దాకా పోతది. చర్మం మీది క్రిమి ఆ పైపు వెంట నెత్తుట్ల పడితే, లోపల పాచిలాగ అంటుకుంటది. మందులకు తొందరగ లొంగదు. గుండె కవాటాలకు, వెన్నెముకకు పాకుతది. ప్రాణమే తీస్తది.

డయాలసిస్ నడుస్తుండంగనో, అయినంకనో వణుకుతో జ్వరమొస్తే "చలిజ్వరమే" అని ఊళ్లె సూది వేయించుకొని పండుకోవద్దు. అదే రోజు దవాఖానకు పోవాలె. యాంటీబయాటిక్ ఇచ్చే ముందు రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపమని అడగాలె.

ఇది తలరాత కాదు. అమెరికాలోని మిషిగన్‌లో నూరుకు పైగా ఐసీయూల్లో చేతులు కడుగుడు, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడుచుడు, మాస్కు, గౌను తొడుగుడు, తొడలో పైపు వేయకపోవుడు, అక్కర తీరంగనే తీసేసుడు పాటిస్తే, ఏడాదిన్నరలో ఈ జబ్బు మూడింట రెండు వంతుల దాకా తగ్గిందని 2006లో వెల్లడైంది. అవి కొద్దిరోజుల పైపులు. నెలల పైపుకు ఇంకెంత జాగ్రత్త కావాలె!

పైపు మూత తీసే ప్రతిసారీ సిబ్బంది చేతులు కడగాలె. ఇద్దరికీ మాస్కు ఉండాలె. పైపు మూతిని మందుతో రుద్దాలె. కట్టు తడవొద్దు, చెరువుల మునగొద్దు. ముఖ్యంగా, చేతికి ఫిస్టులా వేయమని అడగాలె. ధమనిని సిరతో కలిపి కుట్టే ఈ పద్ధతిని 1966లో న్యూయార్క్ డాక్టర్లు లోకానికి చూపిన్రు. దానితో ఈ జబ్బు చాలా తక్కువ. కుదురుకునేందుకు నెలా రెండు నెలలు పడుతది, కనుక ముందే అడగాలె.

నర్సమ్మలు మన శత్రువులు కారు. సబ్బు, గ్లౌజులు, సరిపడా సిబ్బంది లేకపోతే సర్కారును రాతపూర్వకంగా నిలదీద్దాం.

మేము బడిలో పిల్లలకు చేతులు కడగమని చెప్పే పంతుళ్లం. దవాఖానలో అదే మాట అనడానికి మాకే నోరు పెగలకపోయేది. ముట్టుకున్నదే ఎక్కువని తరతరాలు మనకు నేర్పిన్రు గదా! ఆ భయం అక్కడనే వదిలేద్దాం.

జై భీమ్!