నల్లకోటుకు ముందు చివరి మెట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరునైన నన్ను కమిటీవారు లాయర్ల పరీక్ష గురించి మాట్లాడమన్నారు. మనవాళ్ల పిల్లలు కొందరు లా చదువుతున్నారు. మన వయసువాళ్లలో కూడా, ఉద్యోగం అయ్యాక ఆ చదువు చదివితే ఎలా ఉంటుందని అడుగుతున్నవారున్నారు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివి ఆ పరీక్ష రాసినవాణ్ణి కాబట్టి ఈ పని నాకు అప్పగించారు.

ముందు వయసు సంగతి. 45 ఏళ్లు దాటినవారిని అడ్వకేట్లుగా నమోదు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒకప్పుడు నిబంధన పెట్టింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కనుక యాభై దాటినా తలుపు తెరిచే ఉంది. అయితే పూర్తికాలం జీతపు ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. ఇంట్లో ఆ లెక్క తేల్చుకున్నాకే దిగాలి.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ కూడా రాయాలి. ఇది మొదటిసారి 2011 మార్చిలో జరిగింది. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 100 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. జనరల్, ఓబీసీ అభ్యర్థులకు 45, ఎస్సీ, ఎస్టీలకు 40 మార్కులు వస్తే పాస్. తెలుగులోనూ రాయవచ్చు.

హాల్లోకి బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు, తీసుకెళ్లనిస్తారు. అది వినగానే చాలామంది "పుస్తకం చూసి రాసేదే కదా" అని తేలిగ్గా తీసుకుంటారు. కాని ప్రశ్నకు సుమారు రెండు నిమిషాలే దొరుకుతాయి. పుస్తకంలో సొంత నోట్సు ఉండకూడదు. ఏది ఎక్కడుందో తెలియనివాడికి పుస్తకం బరువే తప్ప సాయం కాదు. మేం కాంక్రీటు కోడ్ ఐఎస్ 456ను బట్టీ పట్టం. దూలం డిజైన్ చేసేటప్పుడు ఏ క్లాజు తిరగెయ్యాలో మాత్రం తెలిసి ఉండాలి. చట్టాన్నీ అలాగే చదవాలి. ముందు విషయసూచిక, తర్వాత నిర్వచనాలు, ఆ తర్వాత సెక్షన్లు, మినహాయింపులు.

సిలబస్‌లో 19 సబ్జెక్టులున్నాయి. అన్నీ సమానం కావు. రాజ్యాంగం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్‌లకు పదేసి మార్కులు. శిక్షాస్మృతి, సాక్ష్యం, కుటుంబ చట్టం, కాంట్రాక్టు-ఆస్తి బదిలీ వగైరా కలిపిన విభాగం, వీటికి ఎనిమిదేసి. ఈ ఏడింటికే 62 మార్కులు. పొద్దున్నే రెండు గంటలు వీటికి పెట్టండి. మిగతావి సాయంత్రం చూసుకోవచ్చు. పాత ప్రశ్నపత్రాలను గడియారం ముందు పెట్టుకుని చేయండి.

ఒక హెచ్చరిక. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం కూడా మారాయి. అన్నగారు వాడిన పాత పుస్తకాలతో తమ్ముడు పరీక్షకు వెళ్లకూడదు. అలాగని పాతవి అటకెక్కించనూ కూడదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి శిక్ష పాత ఐపీసీ ప్రకారమే.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. కాలపరిమితి చట్టం మీద ఒక్క మార్కు ప్రశ్న వచ్చిందనుకోండి. మన ఊరి రైతు పొలం కొనడానికి అగ్రిమెంటు రాయించుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కు అందులో తేదీ రాసి ఉంటే, ఆ తేదీ నుంచి మూడేళ్లలో కోర్టుకు వెళ్లాలి. తేదీ లేకపోతే, అవతలివాడు చేయనన్నాడని తెలిసిన నాటి నుంచి మూడేళ్లు. జిల్లా కోర్టుకు అప్పీలైతే 30 రోజులే. అప్పీలు ఆలస్యమైతే తగిన కారణం చూపి 5వ సెక్షన్ కింద మన్నించమని అడగవచ్చు. దావా ఆలస్యమైతే ఆ సెక్షన్ ఆదుకోదు. పరీక్షలో ఈ తేడా తెలియకపోతే పోయేది ఒక మార్కు. లాయరుకు తెలియకపోతే పోయేది ఆ రైతు ఎకరం.

అందుకే పిల్లలకు నేను చెప్పేదొకటే. 45 దగ్గర ఆగేలా చదవకండి. ప్రతి సెక్షన్ దగ్గరా, దీనివల్ల ఎవరికి మేలు, తెలియకపోతే ఎవరికి నష్టం అని అడగండి. అలా చదివింది హాల్లో గుర్తుంటుంది, కోర్టులోనూ గుర్తుంటుంది.

మా ఇంజినీర్లందరికీ దేశం మొత్తానికి ఇలాంటి లైసెన్సు పరీక్ష లేదు. డిగ్రీ ఉంటే చాలు, పనిలో చేరిపోతాం. ఈ వయసులో మళ్లీ హాల్‌టికెట్ పట్టుకుని కూర్చున్నాక నాకనిపించింది, ఇంకొకరి ఆస్తి, స్వేచ్ఛ మన చేతిలో పెట్టే ముందు ఒకసారి పరీక్షించడం న్యాయమేనని.

తెలుగు మీడియంలో చదివాం, మనవల్ల అవుతుందా అని వెనకాడేవారు ఒక పని చేయండి. వాది అంటే ప్లెయింటిఫ్, ప్రతివాది అంటే డిఫెండెంట్ అని రెండు భాషల్లో మాటల పట్టిక రాసుకోండి. ఒక నోటుపుస్తకం నిండేసరికి బెరుకు పోతుంది.