ఎడిటర్‌లోంచి బయటి కమాండు: విమ్ నేర్పిన పోర్టింగ్ పాఠం



2023 ఆగస్టు 3న కన్నుమూసిన బ్రామ్ మూలెనార్ స్మృతిలో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నెదర్లాండ్స్‌కు చెందిన ఈ ప్రోగ్రామరు మూడు దశాబ్దాలకు పైగా విమ్ ఎడిటర్‌ను తీర్చిదిద్దారు. దాన్ని ఉచితంగా పంచి, వాడేవారిని ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని మాత్రమే కోరారు. ఆయన కృషిలో నేనివాళ ఒక్క అంశమే తీసుకుంటున్నాను. అది ఎడిటర్‌లో ఉంటూనే బయటి కమాండును నడపడం. ఎడిటర్‌ను ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు పోర్ట్ చేసినవారి నేర్పు తేలేది అక్కడేనని నా నమ్మకం.

కెన్ థాంప్సన్ రాసిన ఎడ్ అనే ఎడిటర్‌లోనే ఆశ్చర్యార్థక చిహ్నం కొట్టి షెల్ కమాండు ఇచ్చే వీలు వచ్చింది. బర్క్‌లీలో బిల్ జాయ్ చేసిన వీఐ ఎడిటర్ మరో మెట్టెక్కి, ఫైల్లోని కొన్ని వరుసలను బయటి ప్రోగ్రాముకు పంపి, వచ్చిన ఫలితాన్ని అదే చోట పెట్టింది. 1987లో టిమ్ థాంప్సన్ వీఐ తరహాలో అటారీ ఎస్‌టీ కంప్యూటరుకు స్టీవీ అనే ఎడిటర్ రాశారు. దాన్ని అమీగా కంప్యూటరుకు మార్చిన రూపం మీద బ్రామ్ 1988లో పని మొదలుపెట్టారు. 1991లో విమ్ బయటికొచ్చింది, 1992లో యూనిక్స్‌కు చేరింది. లినక్స్‌కు దారి అక్కడినుంచే.

వరుసలు కలపడం, పదాలు వెతకడం ఏ యంత్రం మీదైనా దాదాపు ఒకటే. కమాండు నడపడం అలా కాదు. యూనిక్స్‌లో ఎడిటర్ ఫోర్క్ చేసి తన నకలును పుట్టించాలి, ఆ నకలు ఎగ్జెక్‌తో షెల్‌గా మారాలి, అది ముగిసేదాకా ఎడిటర్ ఆగాలి. అమీగాలో ఆ ఫోర్కే లేదు. అందుకే విమ్ సోర్సులో సిస్టమ్‌ను బట్టి మారే పనులన్నీ వేరే ఫైళ్లలో ఉంటాయి.

ఇక టెర్మినల్ సంగతి. విమ్ దాన్ని రా మోడ్‌లో ఉంచుతుంది కాబట్టి నొక్కిన మీట ఎంటర్ కోసం ఆగదు, తెరమీద దానంతటది పడదు. కమాండు నడిపేముందు టెర్మినల్‌ను మామూలు స్థితికి తేవాలి, ముగిశాక మళ్లీ వెనక్కి తీసుకుని తెరను తిరిగి గీయాలి. మొదటిది మరిస్తే బయటి ప్రోగ్రాములో టైపు చేసేది కనబడదు. సిగ్నళ్లదీ ఇదే తీరు. ఎడిటర్ ఇగ్నోర్ చేసిన సిగ్నల్ ఎగ్జెక్ తర్వాతా అలాగే ఉండిపోతుంది. పిల్ల ప్రాసెస్‌లో దాన్ని ముందే సరిచేయకపోతే కంట్రోల్-సీ నొక్కినా కమాండు ఆగదు.

అన్నిటికన్నా మొండి బగ్ ప్రోగ్రాముల మధ్య డేటాను చేరవేసే పైపుల దగ్గర పుడుతుంది. వరుసలన్నీ ఒక పైపులో పోసి, ఆ తర్వాతే ఫలితం చదువుదామని ఎడిటర్ అనుకుందనుకోండి. చిన్న ఫైలుతో ఇబ్బంది ఉండదు. కానీ లినక్స్ పైపు మామూలుగా 65,536 బైట్లే పడుతుంది. పెద్ద ఫైలును సెడ్ అనే ప్రోగ్రాముకు పంపితే, ఫలితం వచ్చే పైపు నిండి సెడ్ ఆగుతుంది. సెడ్ చదవడం మానేసరికి వరుసలు పంపే పైపూ నిండి ఎడిటర్ ఆగుతుంది. గుమ్మం దగ్గర ‘ముందు మీరు’ అంటే ‘ముందు మీరు’ అనుకుంటూ ఇద్దరూ నిలబడిపోయినట్టే. సిస్టమ్ కాల్స్‌ను చూపే ఎస్‌ట్రేస్ తగిలించి చూస్తే రెండు ప్రాసెస్‌లూ రైట్ కాల్ దగ్గరే ఆగి ఉంటాయి. విమ్ మామూలుగా వరుసలను తాత్కాలిక ఫైల్లో రాసి, ఫలితాన్ని మరో ఫైల్లోంచి చదివి ఈ చిక్కును తప్పిస్తుంది. ఆడంబరం లేని పరిష్కారమిది, కానీ నమ్మదగ్గది.

అయితే కమాండు నడిచినంతసేపూ ఎడిటర్ ఆగాల్సిందే. విమ్ నుంచి చీలి 2014లో మొదలైన నియోవిమ్ ఈ కట్టడిని తెంచాలనుకుంది. 2016 సెప్టెంబరులో వచ్చిన విమ్ 8.0లోనూ జాబ్‌లు, చానెళ్లు చేరాయి. అప్పటినుంచి కమాండు తన పని చేసుకుంటూ ఉంటే మనం రాసుకుంటూ పోవచ్చు.

యువ మిత్రులారా, కంపైల్ అయినంతలో పోర్టింగ్ పూర్తి కాదు. తన తెరను, మీటలను మరో ప్రోగ్రాముకు అప్పగించి, భద్రంగా తిరిగి తీసుకోగలిగినప్పుడే అది పూర్తయినట్టు. పైపు పట్టనంత పెద్ద ఫైలుతో పరీక్షించండి. కమాండు మధ్యలో కంట్రోల్-సీ నొక్కి చూడండి. లేని కమాండు పేరిచ్చి, షెల్ తిరిగిచ్చే 127 అనే ఎగ్జిట్ కోడు మీ ఎడిటర్‌కు చేరుతోందో లేదో గమనించండి. బ్రామ్‌కు మనమివ్వగల గౌరవం ఈ శ్రద్ధే.