రంజాను రోజా – క్రైస్తవుల తపస్కాలము



2025వ సంవత్సరమున మార్చి 2వ తేదీన భారతదేశమున రంజాను ఉపవాసములు ప్రారంభమైనవి. మూడు దినములు గడచి, 5వ తేదీన, భస్మ బుధవారముతో క్రైస్తవుల తపస్కాలము ఆరంభమైనది. దీనినే కొందరు లెంటు దినములందురు. ఒకే వీధిలోని మహమ్మదీయ కుటుంబమును, క్రైస్తవ కుటుంబమును ఒకే మాసమున ఉపవసించుట ప్రతి సంవత్సరమును జరుగదు. అందులకు కారణము వారి కాలగణనములో నున్నది.

ఇస్లాము సంవత్సరమునకు పండ్రెండు చాంద్రమాసములు. అది సౌరసంవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువ. తెలుగువారు అధికమాసముచే ఈ లోటును పూరింతురు. ఇస్లామునందు అట్టి మాసము లేదు. కావుననే రంజాను ఎండలలోను, వానలలోను, చలిలోను వచ్చుచు, సుమారు 33 ఏండ్లకు ఋతుచక్రమును చుట్టివచ్చును. క్రైస్తవుల ఈస్టరు పండుగ మాత్రము వసంతమును విడువదు. సంఘపు లెక్కప్రకారము మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చు పూర్ణిమకు పిమ్మటి ఆదివారమే ఈస్టరు. దానికి ముందు, ఆదివారములు మినహాయించి, 40 దినములు తపస్కాలము. యేసుక్రీస్తు అరణ్యమున 40 దినములు ఉపవసించుట దీనికి ఆదర్శము.

రోజా పాటించువారు తెల్లవారకముందే సహరీ భుజించి, సూర్యాస్తమయము వరకు అన్నమే కాదు, నీరైనను ముట్టరు. సాయంకాలము ఇఫ్తారుతో ఉపవాసము విరమించి, రాత్రి ఇషా నమాజు పిమ్మట తరావీ నమాజు చేయుదురు. రోగులును, ప్రయాణికులును విడిచిన దినములను తరువాత పూర్తిచేసికొనవచ్చును. కథోలికులకు 1966 నాటి సవరణ ననుసరించి భస్మ బుధవారము, శుభ శుక్రవారము ఉపవాస దినములు. ఆ రెండు దినములలో కడుపునిండ భుజించుట ఒక్క పూటయే. తపస్కాలపు శుక్రవారములలో మాంసము వర్జింతురు. ప్రొటెస్టెంటు సంఘములు పెక్కు ఈ విషయమును భక్తుని మనస్సాక్షికే విడిచిపెట్టినవి.

ఇందులో ఏ నియమము కఠినమైనదని తర్కించువారు అసలు సంగతిని విస్మరించుచున్నారు. ఆకలిగొన్నవానికి ఆహారము పంచుటయే దేవుడు కోరు ఉపవాసమని బైబిలులో యెషయా గ్రంథము 58వ అధ్యాయము బోధించుచున్నది. ఉపవాసమును పరుల మెప్పుకై ప్రదర్శింపరాదని యేసు కొండమీది ప్రసంగమున హెచ్చరించెను. అసత్యమును విడువనివాడు అన్నపానములు విడిచినను దేవునికి అక్కరలేదని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసు తెలుపుచున్నది. రంజాను ముగిసిన పిమ్మట ఈదు నమాజునకు ముందే ఫిత్రా దానము చెల్లింపవలెనను విధి ఈ భావమునకు ఆచరణ రూపము. పండుగనాడు పేదవాని యింట పొయ్యి వెలుగకుండ, కలవాని పండుగ పూర్తికాదన్నమాట.

ఈ సంగతులు తెలిసికొనుట పాండిత్యము కొరకు మాత్రమే కాదు. రోజాయున్న కూలివాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో దప్పికతో పనిచేయుచున్నాడని ఎరిగిన రైతు, అతని పనిని ప్రొద్దుటి చల్లదనమునకు మార్చును. శుభ శుక్రవారము క్రైస్తవులకు శోకదినమని ఎరిగిన గృహస్థు, ఆనాడు మిత్రుని విందునకు పిలువడు. ఎరుగనివాడు చెడ్డవాడు కాకున్నను, పొరుగువానికి కష్టము కలిగించును. గ్రామ గ్రంథాలయమునందు ఖురాను, బైబిలు, భగవద్గీత ఒకే అలమారులో నుండుటవలన ప్రయోజనమిదియే: పాఠకుడు తన మతమును వీడనక్కరలేదు, పొరుగువాని ఆకలియొక్క అర్థమును గ్రహించిన చాలును.