పరుగును దేహభారమును
(మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఈ వేదికమీఁద విద్యావ్యాప్తినిగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు, విద్యార్థివేతనములనుగూర్చియు ననేకులు మాటలాడియున్నారు. కార్యదర్శిగారు నన్నుఁ బిలిచి, "మీకుఁ దోఁచిన విషయమునే చెప్పుఁ" డనిరి. సంస్కృతపాఠములు చెప్పి కాలము గడపినవాఁడు కాళిదాసునిగూర్చి కాక పరుగునుగూర్చి యేల మాటలాడవలె నని మీలోఁ గొందఱికిఁ దోఁపవచ్చును. కారణము మనవి చేసెదను.

మన కుటుంబములలో ముప్పదియైదు, నలువదియేండ్ల వయస్సు వచ్చిన పురుషులు, ఇటీవల స్త్రీలును, తెల్లవాఱుజామున లేచి పరుగెత్త నారంభించుచున్నారు. విశాఖపట్టణపు సముద్రతీరపు బాటమీఁదఁ జూచినను, హైదరాబాదునందలి పార్కులలోఁ జూచినను మనవారు పలువురు కనఁబడుదురు. ఎవ్వరి నడిగినను ఒకటే యుత్తరము: "బరువు తగ్గవలెను." ఉద్దేశము మంచిదే. కాని రెండు మూఁడు నెలలు గడచునప్పటికి, వేలకొలఁది రూపాయలు పోసి కొన్న బూట్లు మంచముక్రిందికిఁ జేరుచున్నవి. నా పూర్వశిష్యుఁ డొకఁడు, మన సంఘమువాఁడే, నాతో నిట్లనెను: "మాస్టరుగారూ! నలువది దినములు విడువకుండఁ బరుగెత్తితిని. తూనికయంత్ర మెక్కి చూచితిని. ముప్పాతిక కిలో తగ్గినది. దీనికా యింత యాయాసము? మానివేసితిని." అతని తండ్రి మధుమేహమువలనఁ గాలు పోఁగొట్టుకొన్నవాఁడు. పరుగువలనఁ దనకుఁ గలుగఁదగిన మేలేదో యా కుమారుఁ డెఱుఁగఁడు. కలుగని దానికై యెదురు చూచి, కలుగుదానిని విడిచిపెట్టెను. ఇట్టివారు మనలో నెందఱో యున్నారు గావుననే యీ యుపన్యాసము.

మొదట లెక్క చూతము. ఆహారమందలి శక్తిని వైద్యులు క్యాలరీలతోఁ గొలుతురు. ఒక కిలోగ్రాము బరువు నొక కిలోమీటరు దూరము పరుగెత్తించుటకు సుమారొక క్యాలరీ వ్యయమగును. అనఁగా 80 కిలోల మనుష్యుఁడు 5 కిలోమీటర్లు పరుగెత్తినచో 400 క్యాలరీలు. శరీరములోఁ బేరుకొన్న కొవ్వు ఒక కిలోగ్రాము కరఁగవలెనన్నచో సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు కావలెను. భాగించి చూడుఁడు. దినమునకు 5 కిలోమీటర్లచొప్పున 19 దినములు పరుగెత్తినఁగాని యొక్క కిలో తగ్గదు. అదియుఁ దిండి యొక్క కబళమైనను హెచ్చకుండ నున్నప్పటి మాట. ఆ 400 క్యాలరీలను మఱల నింపుటకు 25 గ్రాముల నెయ్యియు 45 గ్రాముల పంచదారయుఁ జాలును. నేతిలోఁ దడిపిన బొబ్బట్లు రెండు మూఁడు విస్తరిలోఁ బడినచో ఆ పని యైపోవును. పరుగునకుఁ బట్టినది ముప్పావుగంట; బొబ్బట్లకుఁ బట్టునది మూఁడు నిమిషములు.

ఇంతటితో లెక్క ముగియలేదు. దేహము మన యిండ్లలోని పాతకాలపు పెత్తనదారువంటిది. ఒకచోట ఖర్చు పెరిగినచో వేఱొకచోటఁ బిడికిలి బిగించును. ఉదయమునఁ బరుగెత్తి వచ్చినవాఁడు "నేఁటికిఁ జేయవలసినది చేసితి" నని దినమంతయుఁ గుర్చీ విడువఁడు. లిఫ్టు లేనిదే మేడ యెక్కఁడు. ఆఁకలియు హెచ్చును. ఆఫ్రికాఖండమున టాంజానియా దేశమందు హాడ్జాలను వేఁటగాండ్ర జాతి యొకటి కలదు. వారిలోఁ బురుషులు దినమునకుఁ బది కిలోమీటర్లకుఁ బైగా నడతురు. హెర్మన్ పాంట్జరు మొదలగు శాస్త్రజ్ఞులు వారు దినమునకు వ్యయపెట్టు శక్తిని గొలిచి, 2012వ సంవత్సరమునఁ బ్రకటించిరి. దేహపరిమాణమును లెక్కలోనికిఁ దీసికొని చూడఁగా, కుర్చీలలోఁ గూర్చుండు పాశ్చాత్యుల వ్యయమునకును వారి వ్యయమునకును జెప్పఁదగిన భేదము కనఁబడలేదు. హాడ్జాలు సన్నగా నుండుటకు నడక యొక్కటే కారణము కాదనియు, వారు తిను తిండియే ముఖ్యమనియు దీనినిబట్టి యూహింపవచ్చును.

ఈ మాట మన గ్రంథములకుఁ గ్రొత్త కాదు. చరకుఁడు సూత్రస్థానము 21వ యధ్యాయమున నెనమండ్రు నింద్యులను జెప్పుచు నతిస్థూలుని, అతికృశుని వారిలోఁ జేర్చెను. ఇరువురిలో స్థూలునికే కష్టము లెక్కువ యనెను. దానికతఁడు చూపిన కారణములు మితి మీఱిన భోజనము, తీపి, పగటినిద్ర, వ్యాయామము లేకుండుట. సుశ్రుతుఁడు ప్రమేహచికిత్సను జెప్పుచు నింకను దూరము పోయెను. ధనము లేని రోగి చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నము దినుచు, ఒక్కొక్క గ్రామమున నొక్కొక్క రాత్రి మాత్రమే నిలుచుచు, నూఱు యోజనములు నడవవలెనట. ధనవంతుఁడో, చామలు, నివ్వరిధాన్యము, ఉసిరిక, వెలగ మొదలగు వానితోఁ గాలము గడపుచు మృగములతోఁ గలసి తిరుగవలెనట. బావి త్రవ్వుటయు నచ్చటఁ జెప్పఁబడినది. పోషకులగు పెద్దలు నామీఁదఁ గోపగింపకుందురుగాక! ఆ మహర్షి నడకను జెప్పినచోటనే భోజననియమమునుగూడఁ జెప్పెను. నూఱు యోజనములు నడిపించియు వానికి మారువడ్డన చేయింపలేదు. కృశించిన రోగిని మాత్రము కాపాడవలెనని వేఱుగాఁ జెప్పి విడిచెను. అన్నియు మన తాళపత్రములలోనే యున్నవని వాదించుటకు నేను రాలేదు. అక్కడ నున్నదానిని మాత్రము చూడక పోరాదు.

అట్లైనచోఁ బరుగెత్తు టెందులకు? ఇచటనే నా శిష్యుఁడు తప్పటడుగు వేసెను. వేఁడుకకొఱకును ఆరోగ్యముకొఱకును సామాన్యజనులు పరుగెత్తు నాచారము ప్రబలినది బరువు తగ్గుటకై కాదు. న్యూజిలండునందలి ఆక్లండు నగరమున ఆర్థర్ లిడియార్డను శిక్షకుఁడు నడివయస్సువారిని, ముసలివారిని, గుండెజబ్బు పడి లేచినవారినిఁగూడ మెల్లమెల్లగాఁ బరుగెత్తించుచుండెను. 1962వ సంవత్సరాంతమున అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయపు శిక్షకుఁడు బిల్ బోవర్మ ననునాతఁ డచ్చటికిఁ బోయి, యొక యాదివారమున వారితోఁ బరుగునకు బయలుదేఱెను. అప్పటి కాతనికి 51 యేండ్లు. పరుగుపందెగాండ్రను దయారుచేయు గురువే కాని తాను పరుగెత్తుట మానియుండెను. కొంతదూరము పోవునప్పటికి వెనుకఁబడి రొప్పఁజొచ్చెను. గుండెపోటు వచ్చి బ్రదికిన, డెబ్బదియేండ్లు దాఁటిన వృద్ధుఁ డొకఁడు జాలిపడి, యాతనికిఁ దోడుగా వెనుక నిలిచి మాటలాడుచు నడిపించుకొని పోయెను. బోవర్మను స్వదేశమునకు మరలి, ఆ విద్యను దన యూరిజనులకు నేర్పి, హారిస్ అను హృద్రోగవైద్యునితోఁ గలసి 1967లో "జాగింగ్" అను పుస్తకమును బ్రకటించెను. ఆ మాట మన పల్లెలదాఁక వచ్చిన దప్పటినుండియే బయలుదేఱి.

జిమ్ ఫిక్స్ అనువాని చరిత్రయు నిచటఁ జెప్పఁదగినది. ఆతఁడు 35వ యేఁటఁ బరుగెత్త నారంభించునప్పటికి సుమారు నూఱు కిలోల బరువు. దినమునకు రెండు పెట్టెల సిగరెట్లు. పొగ మానెను, పరుగెత్తెను, ఇరువదియైదు కిలోలకుఁ బైగాఁ దగ్గెను. 1977లో నాతఁడు వ్రాసిన పరుగుపుస్తకము లక్షలకొలఁదిగా నమ్ముడుపోయెను. 1984 జూలైలో, 52వ యేఁటఁ, బరుగెత్తుచునే గుండె యాగి మరణించెను. శవపరీక్షలో హృదయపు రక్తనాళములు మిక్కిలి మూసికొనిపోయినట్లు తేలినది. "పరుగే చంపినది" అని లోకము పరిహసించెను. ఆతని తండ్రికి 35వ యేఁటనే గుండెపోటు వచ్చి, 43వ యేఁట మరణము సంభవించినదని యా పరిహాసకులు చెప్పరు. నాకుఁ దోఁచునది వేఱు. బరువు తగ్గుట వేఱు, నాళములు శుభ్రమగుట వేఱు. పొట్ట తగ్గినదని వైద్యునికడకుఁ బోవుట మానరాదు. తండ్రితాతలకు గుండెజబ్బున్నవారు పరుగునకు ముందుగాఁ బరీక్ష చేయించుకొనవలెను. ఎదలో నొప్పి, బిగువు, కన్నులు చీఁకట్లు క్రమ్ముట కలిగినచోఁ దక్షణమే యాగవలెను.

ఫలమునుగూర్చి యింకొక లెక్క. అమెరికాలో 55,137 మందిని సగటున 15 యేండ్లు గమనించి 2014లోఁ బ్రకటించిన పరిశోధనలో, పరుగెత్తువారియందు మరణములు నూటికి 30 వంతులును, గుండె, రక్తనాళముల జబ్బులవలని మరణములు 45 వంతులును దక్కువగాఁ గనఁబడినవి. దినమునకైదు పది నిమిషములు మెల్లగాఁ బరుగెత్తినవారికిని మేలు కనఁబడినది. పరుగెత్తువారు తక్కిన విషయములందును జాగ్రత్తపరులై యుందురు గావున, అంతయు పరుగుఫలమే యనుట సరికాదు. సగము తీసివేసినను మిగిలినది తక్కువది కాదు.

మధుమేహమునకు సంబంధించినది మఱింత స్పష్టము. కండలు పనిచేయునపుడు రక్తములోని చక్కెరను దామే లాగికొనును. ఆ గుణము ఒకటి రెండు దినములు నిలుచును. కావుననే రెండు దినములకు మించి వ్యాయామమును విడువరాదని వైద్యులందురు. కాలేయముచుట్టును బొట్టలోపలను జేరిన కొవ్వు, తూనికయంత్రమునఁ గనఁబడకుండఁగనే తగ్గవచ్చును. కాఁబట్టి దర్జీటేపుతో నడుము కొలుచుకొనుఁడు. మన దేశీయులలోఁ బురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాఁటినచో నపాయచిహ్నమని నిర్ణయించియున్నారు. 2023లోఁ బ్రకటితమైన భారతవైద్యపరిశోధనమండలివారి లెక్క ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకుఁ బైఁబడినవారు. ఈ పందిటిలోఁ గూర్చున్న మనలో నెన్ని యిండ్లలో మాత్రలసీసా లేదో చేతులెత్తు మన్నచోఁ జేతులెన్ని లేచునో నాకు సందేహమే.

ఆరంభించువారికి రెండుమాటలు. వ్యాయామము నర్ధశక్తితోఁ జేయవలెనని సుశ్రుతుఁడును వాగ్భటుఁడును జెప్పిరి. శ్వాస నోటివెంట రాఁజొచ్చుట యర్ధశక్తికి గుర్తు. నేఁటివారును దాదాపదియే చెప్పుదురు: ప్రక్కవానితో మాటలాడఁగలిగినంత వేగమే చాలును. పరుగెత్తునపుడు ప్రతియడుగునను దేహభారమునకు రెండు మూఁడింతల బలము కాలిమీఁదఁ బడును. 95 కిలోల మనుష్యుఁడు మొదటి దినముననే పరుగు లంకించుకొన్నచో మోఁకాళ్లు మొఱపెట్టవా? కొన్ని వారములు నడువుఁడు. పిదప నొక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. పరుగు దినము విడిచి దినము చాలును. ఇన్సులినుగాని, చక్కెరను వేగముగాఁ దగ్గించు మాత్రలుగాని వాడువారు వైద్యుని నడిగి బయలుదేఱవలెను. జేబులోఁ బంచదార యుంచుకొనవలెను. అఱువది దాఁటిన నావంటివారు పరుగుకంటె నడకయు, కండలకు బలమిచ్చు నభ్యాసము వారమునకు రెండుమాఱులును బెట్టుకొనుట మేలు.

బరువు తగ్గవలెనన్న కోరిక తప్పని నే ననను. దానిని విస్తరికడఁ దీర్చుకొనవలెను. తగ్గినదానిని మఱల రాకుండ నిలుపుకొనుటకు మాత్రము వ్యాయామము మిక్కిలి యుపకరించును. అమెరికాలో 1994నుండి, బరువు తగ్గి నిలుపుకొన్నవారి పట్టిక యొకటి వ్రాయుచు వచ్చిరి. వారిలో నధికసంఖ్యాకులు దినమునకు సుమారొక గంట నడకగాని యితర వ్యాయామముగాని చేయువారే.

ఇఁక మన యింటిమాట. నేఁటి మధ్యాహ్నభోజనపుఁ బట్టికను వంటశాలకడఁ జూచి వచ్చితిని. తీపులు నాలుగు, వేపుళ్లు మూఁడు, పులిహోర, పెరుఁగన్నము. వడ్డించువారి చేతి నడ్డగించుట మర్యాద కాదనుకొను జాతి మనది. "చాలు" నన్న వాఁడు కోపగించెనని యనుకొందురు. వచ్చు సంవత్సరమునుండి యొక తీపితో సరిపెట్టుకొంద మని వంటసంఘమువారికి నా ప్రార్థన. అది చిన్న సంగతి.

పెద్దది వేఱొకటి కలదు. మన విద్యార్థి వసతిగృహమునకు వెనుకనున్న ఖాళీస్థలమున రెండవ కల్యాణమండపము కట్టవలెనను ప్రతిపాదన కార్యవర్గము నెదుట నున్నది. దానివలన నద్దె వచ్చునని నే నెఱుఁగుదును. ఆ యద్దెతోనే విద్యార్థివేతనములు హెచ్చింతు మని చెప్పుచున్న పెద్దల సదుద్దేశమును శంకింపను. అయినను మన పిల్లలు నూటయిరువదిమంది యా గృహమునఁ బగలెల్లఁ బుస్తకములయొద్దను, రాత్రియెల్ల సెల్‌ఫోనులయొద్దను గూర్చుండియే పెరుఁగుచున్నారు. వారు కాలు సాఁచుటకు మిగిలిన చోటదొక్కటే. మన స్త్రీలు వీథిలోఁ బరుగెత్తుటకు సంకోచింతురు. కుక్కలు, మోటారుబండ్లు, చూచువారి చూపులు. ప్రహరీగోడ గల యా స్థలమున నుదయము అయిదునుండి యేడువఱకు వారికై కేటాయించినచో నెందఱో వత్తురు. చుట్టును 200 మీటర్ల మట్టిబాట, నాలుగు దీపములు, ఒక మంచినీళ్ల కుళాయి. ఇంతకంటె నేమియు నక్కఱలేదు. మండపమునకగు వ్యయములో నిది పదవవంతైనను గాదు.

ఆ స్థలమును బదేండ్లవఱకుఁ గట్టడములు లేకుండ విడువవలె నను తీర్మానమును సాయంకాలపు సభలోఁ బ్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుమతిని వేఁడుచున్నాను. దానిని బలపఱచుటకు మహిళాశాఖ కార్యదర్శినిగారు సమ్మతించియున్నారు. మండపమును గోరు పెద్దలును దమ పక్షమును జెప్పవలెనని నా మనవి. లెక్కలు తెచ్చినచో నేను విందును.