ఊపిరి అల్లాహ్ అప్పగించిన అమానతు

 

అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలలో మనం ఎన్నడూ లెక్కించనిది ఊపిరి. దాని విలువ ఉబ్బసం ఉన్న బిడ్డ తల్లికి తెలుసు. అర్ధరాత్రి బిడ్డ రొమ్ములో పిల్లికూతలు వినబడగానే ఆమె లేచి కూర్చుంటుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం బారులు తీరే జనాన్ని చూసినవారికి ఈ బాధ ఎంత విస్తారమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మందు గుణమెంత అన్నది ఇక్కడ మన చర్చ కాదు.

అటువంటి బిడ్డలలో కొందరు పదిహేను, పదహారేళ్ల ప్రాయంలో ఒక జేబులో ఇన్‌హేలరు, మరొక జేబులో వేప్ పెట్టుకుని తిరుగుతున్నారు. వేప్ అంటే ఇ-సిగరెట్. చూపులకు పెన్నులాగానో పెన్‌డ్రైవులాగానో ఉంటుంది. బీడీ తాగిన కుర్రవాణ్ణి వెనుకటికి వాసనే పట్టి ఇచ్చేది. దీనినుండి మామిడిపండు వాసన, పుదీనా వాసన వస్తాయి. చొక్కా ఉతికే తల్లి అత్తరేమో అనుకుంటుంది.

‘పొగ కాదు, ఆవిరే కదా’ అని పిల్లలు వాదిస్తారు. జలుబుకు మనం పట్టే ఆవిరి నీటిది. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అనే ద్రవాలను వేడిచేయగా పుట్టే సన్నని తుంపర. సాధారణంగా అందులో నికోటిన్, సువాసన రసాయనాలు కలిసి ఉంటాయి. ఉబ్బసం రోగి శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి. కొద్దిపాటి రేపుడుకే వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల కఫం చేరుతుంది. ఇతరులకు దగ్గుతో పోయేది అతనికి ఆయాసమై కూర్చోవచ్చు. వైద్యుడు రోజూ పీల్చమని ఇచ్చే ఇన్‌హేలరు ఆ వాపును నెమ్మదిగా తగ్గిస్తుంది. పీల్చిన వెంటనే గుణం తెలియదు కనుక పిల్లలు దానిని సులభంగా మానివేస్తారు. ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ నిమిషాలలో నాళాలను తెరుస్తుంది, వాపును మాత్రం తగ్గించదు. ఈ రెండవది త్వరత్వరగా అయిపోతున్నదంటే తల్లిదండ్రులు మేల్కొనవలె.

మన దేశంలో 2019 నాటి చట్టం వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ నిషేధించింది. మొదటిసారి అమ్మి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా దొంగచాటు అమ్మకం ఆగలేదు. ఆ సరుకులో ఏమున్నదో పూచీపడేవాడు లేడు. అమ్మేవాడు రేపు మన పక్కనే సఫ్‌లో నిలబడేవాడు కావచ్చు. ఆ సంపాదన హలాలేనా అని అతడే తన్ను తాను ప్రశ్నించుకోవలె.

రమజాన్‌లో మరొక చిక్కు ఉన్నది. రోజా పేరిట ఇన్‌హేలరు మానివేసి, ఇఫ్తార్ కాగానే వేప్ అందుకునే పిల్లలున్నారు. ఇన్‌హేలరుతో రోజా భంగమవుతుందా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయమున్నది. మీరు నమ్మిన ఆలిమ్‌ను అడగండి. రోజువారీ మందును సహరీ వేళకు, ఇఫ్తార్ వేళకు మార్చడం వీలవుతుందేమో వైద్యుణ్ణి అడగండి. వ్యాధిగ్రస్తుడు తప్పిన రోజాలను తరువాతి దినాలలో పూర్తిచేసుకునే సడలింపును అల్ బఖరా సూరాలో అల్లాహ్‌యే ఇచ్చాడు. దానిని కాదని ప్రాణం మీదికి తెచ్చుకోవడం భక్తి కాదు.

అసలు మాట తల్లిదండ్రులతో. జేబులో వేప్ దొరికిననాడు మనం మొదట చేసేది చెయ్యెత్తడం. పిల్లవాడు మానడు, దాచడం నేర్చుకుంటాడు. వైద్యుని ఎదుట నోరు విప్పడు. కారణం తెలియని వైద్యుడు మందు మోతాదు పెంచుకుంటూ పోతాడు. ఒక యువకుడు వ్యభిచారానికి అనుమతి కోరుతూ వచ్చినప్పుడు అక్కడివారు గద్దించారు. దైవప్రవక్త (స) అతన్ని దగ్గరకు పిలిచి, నీ తల్లి విషయంలో దీనిని ఒప్పుకుంటావా అని అడిగి ఆలోచింపజేశారు; అతనిపై చేయి వేసి దుఆ చేశారు. ఆ చేయి ఎక్కడ, మన చేయి ఎక్కడ? మసీదు గేటు దాటగానే సిగరెట్టు వెలిగించే పెద్దల సంగతి సరేసరి.

నికోటిన్‌కు అలవడిన లేత మెదడు ఒక్క తిట్టుతో విడిపడదు. మానిన తొలి దినాలలో చిరాకు, నిద్రలేమి ఉంటాయి. జారిపడితే మళ్ళీ చేయి అందించండి. వైద్యునితో బిడ్డ ఒంటరిగా మాట్లాడేందుకు అయిదు నిమిషాలు గది బయట కూర్చోండి. ఇన్‌హేలరు వాడినా ఆయాసం తగ్గక, మాట పూర్తిచేయలేకపోతే, పెదవులు నీలిబారితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎక్కడ కొన్నావు, ఎవరిచ్చారు అనే విచారణ ఆ ఘడియలో వద్దు.

ఓ అల్లాహ్! ఊపిరాడక అల్లాడే మా బిడ్డలకు స్వస్థత ప్రసాదించు. వారు మా వద్ద నిజం చెప్పగలిగేటంత మెత్తదనాన్ని మా హృదయాలకు ప్రసాదించు. ఆమీన్.