దొంగను పట్టబోయిన ముగ్గురం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



1996లో వచ్చిన గుణ్ణం గంగరాజు గారి ‘లిటిల్ సోల్జర్స్’ మీలో చాలామంది చూసే ఉంటారు. బాలాదిత్య, కావ్య అన్నాచెల్లెళ్లు, కోట శ్రీనివాసరావు గారు తాత. ఆస్తి కోసం జరిగే కుట్రకు ఆ పిల్లలు ఎదురు నిలబడతారు. మిర్యాలగూడలో ఆ సినిమా చూసి త్రిపురారం వచ్చేసరికి మేం ముగ్గురం డిటెక్టివ్‌లమైపోయాం!

ఆ వారమే బడి వాలీబాల్ కనబడలేదు. ఆటసామాను గది తాళంచెవి అటెండర్ తాత దగ్గర ఉండేది. ఇంకేం, కేసు తేలిపోయింది. రెండు రోజులు ఆయన సైకిల్ వెంట తిరిగాం. సంచిలో తొంగిచూస్తే సద్దిగిన్నె, ఉల్లిగడ్డ. అయినా ప్రార్థనలో అందరి ముందు ఆయన పేరే చెప్పాం.

సినిమాలో కుట్ర చేసేవాడు తెర మీద కనబడతాడు. మాకు కనబడింది తాళంచెవి ఒక్కటే.

వానలకు ముందు మిద్దె మీద ఆకులు తీస్తుంటే బంతి దొరికింది. తీసినవాడు ఆ తాతే. హెడ్మాస్టర్ గారి బల్ల మీద పెట్టి, మావైపు చూడకుండా గంట కొట్టడానికి వెళ్లిపోయాడు.

ఆయన ఇప్పుడు లేడు. మన బడిలోనే చదివిన ఆయన మనవరాలు ముందు వరుసలో కూర్చుంది. అమ్మా, మీ తాతకు మేం చెప్పని మాట నీకు చెప్తున్నా. తప్పు మాదే.