టెన్నిసు వృత్తిలో తొలియేండ్లు: సానియా మీర్జా

డోన్ పరిసర గ్రామముల పెద్దలు ఆటలను గూర్చిన ప్రసంగము వినుటకు కూర్చుండుట యరుదు. ఆట పిల్లలకు, పని పెద్దలకు అని మన తలంపు. కాని ఆటనే వృత్తిగా గైకొన్నవారికి అది మెట్టసేద్యము వంటిదే. పెట్టుబడి ముందు, పంట వెనుక, నడుమ దైవాధీనము. అట్టి వృత్తిలో మన తెలుగునాట పెరిగిన సానియా మీర్జా తొలియేండ్లెట్లు గడచెనో మనవి చేసెదను.

ఆమె 1986 నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించి హైదరాబాదులో పెరిగినది. ఆఱవయేటనే రాకెట్టు చేపట్టినది. రాకెట్టనగా తీగలు బిగించిన బద్ద. దానితో బంతిని నడుమ కట్టిన వలమీదుగా ఆవలివైపునకు కొట్టవలెను. ఆడుచోటును కోర్టందురు. కోర్టన్నచో మనకు వ్యాజ్యమే స్ఫురించును. ఇందును గెలుపోటములు కలవు గాని వాయిదాలు లేవు. చిన్ననాట తాము పేడతో అలికిన కోర్టులపై ఆడితిమని ఆమెయే చెప్పియున్నది. మనము కళ్లమును అలుకుకొనునట్లే గదా!

తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు శిక్షకుడయ్యెను. ఇచ్చట కొంత నిలిచి యాలోచింపవలెను. ఆఱవయేటినుండి పదునాఱవయేటివఱకు ఈ యాటలో రాబడి యుండదు. బంతులు, ప్రయాణములు, శిక్షణ, అన్నియు ఇంటి ఖర్చే. ఫలించునని పూచీపడువా డెవ్వడును లేడు. ఆడపిల్లకై యింత వెచ్చించుట కంగీకరించిన తలిదండ్రుల ధైర్యము నా దృష్టిలో ఏ బహుమానమునకును తీసిపోదు. ఆమె చదువును విడువలేదు. నాసర్ పాఠశాలలోను, సెయింట్ మేరీస్ కళాశాలలోను చదివినది.

2003లో ఇంగ్లండునందలి వింబుల్డనులో, రష్యా బాలిక అలీసా క్లెబనోవాతో గూడి బాలికల జంటపోటీ గెలిచెను. అయితే బాలికలలో గెలుపు వేఱు, పెద్దలలో బ్రతుకు వేఱు.

ఆ బ్రతుకు 2005లో తేలినది. ఏటేట ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికాలలో జరుగు నాలుగు మహాపోటీలలో, ఒంటరి యాటయందు మూడవ రౌండు చేరిన భారతస్త్రీ అంతకుముందు లేదు. జనవరిలో ఆస్ట్రేలియాలో సానియా చేరెను. అచ్చట సెరీనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడెను. ఫిబ్రవరి 12న హైదరాబాదులోనే ఉక్రెయిను యువతి అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో గెలిచి, మహిళల వృత్తిపోటీలో ఒంటరిగా బిరుదందిన తొలి భారతస్త్రీ యయ్యెను. నడిమి సెట్టు చేజాఱినను తడబడక మూడవది గెలుచుటయే అందలి సారము. మార్చిలో దుబాయిలో, వెనుకటియేటి అమెరికా విజేత కుజ్నెత్సోవాను ఓడించెను. సెప్టెంబరునాటికి అమెరికాలో నాలుగవ రౌండు. అక్కడ షరపోవా అడ్డుపడెను. ఏడాది మొదట నూఱు స్థానములకు వెలుపలనున్న బాలిక కడపట 31వ స్థానమున నిలిచెను.

ఆమె యాటకంటె ధరించిన బట్టలను గూర్చియే యెక్కువ మాటలాడిన పెద్దలును ఆ యేట కలరు. వారు ఎండలో మూడు సెట్లు పరుగిడి చూచినవారు కారు.

ఈ వృత్తిలో స్థానము శాశ్వతము కాదు. ఒక పోటీలో సంపాదించిన పాయింట్లు 52 వారములకు చెల్లిపోవును. మరల అంత సంపాదింపనిచో స్థానము దిగును. నిరుటి వేరుసెనగ ఈయేటి శిస్తుకు చాలనట్లే. 2006లో ఆమె అరువదికి వెలుపలకు జాఱగా, ఆట పోయెనని కొందఱనిరి. 2007 ఆగస్టులో 27వ స్థానమునకు చేరెను. పిదప మణికట్టు గాయపడుటచే జంటయాటవైపు మరలి, 2015 ఏప్రిలులో అందు ప్రపంచమున ప్రథమస్థాన మందెను; 2023లో విరమించెను.

మన యూరి పిల్ల రాకెట్టడిగినచో హైదరాబాదు దూరమని తలంపవలదు. అనంతపురములో గ్రామీణాభివృద్ధి ట్రస్టుతో కలిసి స్పెయిను వీరుడు రాఫెల్ నాదల్ 2010లో ఒక పాఠశాల నెలకొల్పెను. పేదపిల్లలకు టెన్నిసుతోపాటు చదువును చెప్పుటకై యది యేర్పడినది. డోన్ నుండి గుత్తిమీదుగా రైలుదారి యున్నది.